ఆచూకీ లేని తల్లి

పొద్దున లేచినప్పట్నుంచీ మదార్బీకి కాలు ఒకచోట నిలవలేదు. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టి, బట్టలు తేవడం మరిచి, మళ్లీ పీకేసింది. జెద్దాలో ఆ ఇంట పనికి చేరి నాలుగేళ్లయింది, ఇంత అడ్డదిడ్డంగా ఏ రోజూ చేయలేదు. చెవిలో ఇయర్‌ఫోను, జేబులో ఫోను, కళ్లు గోడ గడియారం మీద. ఇక్కడ ఆరున్నర అయితే రాయచోటి పక్కన వాళ్ల ఊళ్లో తొమ్మిది. తొమ్మిదికల్లా సచివాలయం సారు ఎంక్వైరీకి వస్తాడని వదిన పర్వీన్ చెప్పింది.

సంగతేమిటంటే, బడికెళ్లే పిల్లలున్న పేదింటి తల్లికి ప్రభుత్వం ఏటా డబ్బు వేస్తుంది. మంచిదే, కాదనేదెవరు? కాకపోతే తల్లి స్వయంగా వచ్చి వేలిముద్ర వేయాలి. ఆ వేలేమో జెద్దాలో అంట్లు తోముతోంది! లారీ ప్రమాదంలో మొగుడు పోయాక, కూతురు సబీనాని అన్న రియాజ్ ఇంట్లో వదిలి విమానమెక్కిన మనిషి మదార్బీ. రెండేళ్లలో వచ్చేస్తానంది. అప్పు తీరలేదని ఇంకో రెండేళ్లు ఉండిపోయింది. ఆ నాలుగేళ్లూ సబీనా పేరు పక్కన 'తల్లి రాలేదు' అనే పడింది, డబ్బు మాత్రం పడలేదు. ఈసారేమో ఫీజు కట్టందే ఆరో తరగతిలో కూర్చోనివ్వమని బడివాళ్లు తేల్చి చెప్పేశారు.

దారి కనిపెట్టింది పర్వీనే. "మేయ్ మదారూ, తల్లి పిల్లను ఇడ్సిపెట్టి పోయింది, ఆచూకీ లేదు అని రాపిస్తే, సాకేవాళ్ల ఖాతాలో ఏస్తారంట. ఉత్త కాగితమే గదా! సారొచ్చి పాపను రెండు మాటలు అడుగుతాడు, అంతే."

మదార్బీ వారం రోజులు ఏడ్చింది, వదినని తిట్టుకుంది, చివరికి సరేనంది. "అయితే వదినా, పాప ఆ మాట చెప్తాదా? దానికి అబద్ధం చెప్పేదానికి రాదే."

"నేను నేర్పిస్తాలే," అంది పర్వీన్.

సబీనా తడబడితే డబ్బు పోతుంది, వదిన పరువూ పోతుంది. తడబడకుండా చెప్పేస్తే? ఆ రెండోది మాత్రం మదార్బీ తలుచుకోకుండా ఏదో ఒక పనిలో పడేది. మొన్న ఇంటి యజమానురాలు, పనివాళ్లంతా 'మామా' అని పిలిచే ఆవిడ, ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, ఇకామా, ఇంకో రెండేళ్లకు పొడిగించనా అని అడిగితే తలూపేసింది కూడా. ఇక్కడి పని, అక్కడి డబ్బు, రెండూ కలిస్తే పిల్ల చదువు గట్టెక్కుతుందని లెక్క.

ఆ ఇంటి చిన్నపిల్ల జూరీ దువ్వెన పట్టుకొచ్చి ముందు కూర్చుంది. రోజూ బడికెళ్లే ముందు దానికి జడ వేసేది మదార్బీయే; వీడియో కాల్లో సబీనా కూడా చూసింది. జుట్టు మూడు పాయలు చేసిందో లేదో చెవిలో ఫోను మోగింది. ఫోను ఆన్ చేసి గూట్లో పెడతాను, విను కానీ గమ్మునుండు, దగ్గినా కొంప మునుగుతుంది అని పర్వీన్ ముందే చెప్పి ఉంచింది. మదార్బీ ఫోను ఎత్తి మ్యూట్ నొక్కింది.

"పాపా, మీయమ్మ యాడుంది?" ఎవరో మగమనిషి గొంతు.

మదార్బీ వేళ్లు జడ మీదే ఆగిపోయాయి. చెప్పు తల్లీ, చెప్పెయ్. వద్దు, చెప్పొద్దు. అయ్యో, ఏదో ఒకటి చెప్పవే!

"తెల్దు సార్. ఇడ్సిపెట్టి పోయింది."

"ఫోనన్నా చేస్తాదా?"

"ముందు చేస్తాండె. పండగకొస్తా, పండగకొస్తా అంటాండె. నాలుగు పండగలకూ కొత్త గౌనేసుకుని రోడ్డుకాడ కూచున్యా సార్. ఇంగ కూచోను."

"వస్తాదిలే పాపా."

"రాదు సార్. ఆమెకు ఇంకో పాపుంది. ఆ పాపకే దినామూ జడేస్తాది."

సారు నాలుక చప్పరించాడు. "ఇంకో పెండ్లి చేసుకునిందేమోమ్మా," అని పర్వీన్‌తో మెల్లగా అన్నాడు. కాగితం తిప్పిన చప్పుడైంది. ఇక్కడ జడ బిగిసి జూరీ కెవ్వుమంది.

పాయలు వదులు చేసి, రిబ్బను కట్టి, ఆ పిల్లని బడి బస్సెక్కించి వచ్చేసరికి పర్వీన్ మళ్లీ ఫోను చేసింది. సంబరం పట్టలేకపోతోంది. "అయిపాయె మేయ్! సారు కండ్లనీళ్లు పెట్టుకున్యాడు. అప్పుడే సంతకం గూడా చేసిపాయె."

"బాగా నేర్పించినావు వదినా." మదార్బీ సింకులో అంట్లు తోమడం మొదలుపెట్టింది.

"నేనేం నేర్పిస్తి! తెల్దు, పోయింది, ఫోను చేయదు, ఈ మూడు ముక్కలే చెప్పమంటి. కడమదంతా అదే చెప్పె. నేనే నోరు తెరుసుకోని నిలబడితి."

"దానికియ్యి ఫోను."

"బడికి పాయె. మీయమ్మతో మాట్లాడి పో అంటే, వద్దనె."

మదార్బీకి ఒళ్లు మండిపోయింది. వదిన మీద, ఆ సారు మీద, వేలిముద్ర అడిగే సర్కారు మీద, అందరికంటే ఎక్కువ తన మీద. అంట్లు సింకులోనే వదిలేసి, తడి చేతులతోనే హాల్లోకి నడిచింది. మామా కాఫీ తాగుతోంది.

"మామా, ఇకామా లా. ఖురూజ్." ఇకామా వద్దు, ఇంటికి పంపించెయ్ అని.

మామా కప్పు కింద పెట్టింది. "లేష్?" ఎందుకని.

"బిన్తీ," అంది మదార్బీ. నా కూతురు. అంతకుమించి చెప్పడానికి ఆమెకు అరబ్బీ చాలలేదు. మామా బతిమాలింది, కసిరింది, జీతం పెంచుతానంది. మదార్బీ అక్కణ్నుంచి కదిలితే ఒట్టు. చివరికి మామా విసుక్కుంటూ, కాగితాలు చూసే పెద్దకొడుక్కి ఫోను చేసి, నెలాఖరుకి పంపిద్దామంది.

ఆ మాట చెవిన పడగానే పర్వీన్ ఫోన్లో లబోదిబోమంది. "నీకేమన్నా పిచ్చి పట్టిందామే? సంతకమైనాక వస్తావా? నువ్వు బస్సు దిగితే ఆ డబ్బు ఆపేస్తారు, ఫీజెవరు కడతారు? ఊర్లో అందరూ సబీనా అబద్ధం చెప్పిందంటారు!"

"అననీ వదినా," అంది మదార్బీ. "అది అబద్ధమని తేలాలనే వస్తాండా."