మెడ పక్కన వెలుగు

పెట్ స్కాన్ గదిలో ఉదయం ఎనిమిదికే పని మొదలవుతుంది. సూదితో చక్కెర మందు ఎక్కించి గంటసేపు కదలకుండా పడుకోబెడతారు. ఒంట్లో జబ్బు ఎక్కడుంటే మందు అక్కడ చేరి తెరమీద వెలుగుతుంది. ఆ రోజు ఆడిన అబద్ధాలు కూడా అలాగే గొంతు చుట్టూ వెలుగుతాయి. అందుకే స్కాన్ తీసే ఆయన అందరినీ రెండు ప్రశ్నలు అడుగుతాడు: పొద్దుట్నుంచి ఏమైనా తిన్నారా, అబద్ధం ఏమైనా ఆడారా? కిందటి వారం ఒక ఇళ్ల బ్రోకరుకి మెడంతా దీపాల దండలా వచ్చింది. పాపం, ఆయన అసలు జబ్బు ఎక్కడుందో వెతకడానికి ఒక పూట పట్టింది.

ఆ రోజు వచ్చింది పదిహేనేళ్ల అమ్మాయి. లింఫ్ గ్రంథుల్లో వచ్చే ఒక అరుదైన క్యాన్సరు. ఆరు నెలలు వార్డులో మందులు ఎక్కించుకుంది. జుట్టు రాలింది, నోరంతా పుండ్లు పడ్డాయి. నొప్పిగా ఉందా అంటే ఉందనేది, భయమా అంటే భయమనేది. ఉన్నది ఉన్నట్టే చెబుతుందని నర్సులు తూకంరాయి అని పిలిచేవారు. తల్లి చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. ఆ ఆరు నెలలూ వార్డు కుర్చీలోనే నిద్రపోయింది. స్కాన్ బొమ్మ శుభ్రంగా వస్తే ఇద్దరూ ఇంటికి. రాకపోతే మళ్లీ వార్డుకి, ఇంకా ఘాటు మందులకి.

అబద్ధమేమీ ఆడలేదని అమ్మాయి చెప్పింది. బొమ్మలో మెడకి ఎడమ పక్కన చిక్కుడు గింజంత వెలుగు కనిపించింది.

డాక్టరమ్మ తల్లీకూతుళ్లను పిలిచింది. ఇది జబ్బైతే అక్కడ కోసి ముక్క తీసి చూడాలని, అబద్ధమైతే వదిలేయొచ్చని చెప్పింది. పిల్లలు ఒక్కోసారి మర్చిపోతారు, బాగా గుర్తు తెచ్చుకోమంది.

అమ్మాయి నోరు తెరిచేలోపే తల్లి అందుకుంది.

"ఆడే ఉంటుందండీ. దీనికి చిన్నప్పట్నుంచీ అదే పని."

అలా అంటూ కూతురి వైపు చూసింది. సూదులకి బెదరని పిల్ల ఆ చూపుకి బెదిరింది. ప్రేమతో అడిగారు కదా అని అబద్ధానికి విషం తగ్గదు.

"పొద్దున అద్దం పగలగొట్టాను," అంది అమ్మాయి. "నేను కాదని అమ్మతో చెప్పాను."

వార్డులో మంచం పక్కనున్న అద్దం చెక్కుచెదరకుండా ఉంది. జుట్టు రాలిన నాడే తల్లి దాన్ని గోడవైపు తిప్పేసింది.

డాక్టరమ్మ ఆ వెలుగు పక్కన అబద్ధమని రాసి, మూడు నెలల తర్వాత రమ్మంది. మెట్లు దిగుతూ తల్లి కూతురి భుజం చుట్టూ చెయ్యి వేసి, ఇక బడికి వెళ్లొచ్చంది. అమ్మాయి మెడ దగ్గర బొత్తాం పెట్టుకుంటుంటే గింజ వేలికి తగిలింది. కాలరు పైకి లాక్కుంది.

మూడు నెలలకి తెర నిండా వెలుగే. మెడ, చంకలు, ఛాతీ మధ్య, పొట్ట. ఇక ఇవ్వడానికి మందు లేదని డాక్టరమ్మ చెబుతుంటే తల్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అన్నీ అబద్ధాలేనండీ. పొద్దుట్నుంచీ నోరు తెరిస్తే అబద్ధమే. కావాలంటే అడగండి దాన్ని."

డాక్టరమ్మ అడగలేదు. అమ్మాయే తల్లి వైపు తిరిగింది.

"ఇవాళ నేనేం ఆడలేదమ్మా," అంది.