బుధరాం చచ్చిపోయిన సంచిక

గుఢియారీలో రైలు పట్టాల పక్కనున్న రెండు గదుల ఇంట్లో దేవదాసు పన్నెండేళ్లు ఒకే బొమ్మల కథ గీశాడు. నెలనెలా హిందీలో వచ్చేది. దిలేర్ అనే సాహసి, బుధరాం అనే ముసలి పడవవాడు నదుల వెంట తిరుగుతూ దొంగల్ని పట్టుకునేవాళ్లు. దేవదాసుది సన్నటి గీత. నీడలు పెట్టడు, సిరా పులమడు. దిలేర్ ముఖానికి రెండు చుక్కలూ ఒక గీతా చాలు. బుధరాం ముఖంలో మాత్రం ప్రతి ముడతా కనిపించాల్సిందే.

మాటలు రాసేది భార్య లీలావతి. పెద్దాసుపత్రిలో నర్సు. డ్యూటీ నుంచి వచ్చి, టీ తాగుతూ, బుధరాం చేత దిలేర్‌ని తిట్టించేది. దిలేర్ ముందూ వెనకా చూడకుండా దూకుతాడు. బుధరాం తిట్టుకుంటూనే వాడి వెనకాల దూకుతాడు. ఆ తిట్ల కోసమే పుస్తకం కొనేవాళ్లుండేవారు.

ఇంటింటా టీవీలొచ్చి అమ్మకాలు పడిపోయాయి. తొంభై రెండులో ప్రచురణకర్త పిలిపించాడు.

"ముసలాణ్ణి తీసెయ్యండి, దేవదాస్‌జీ. హీరో ఒక్కడే ఉండాలి. కండలు కావాలి, రక్తం కావాలి, పేజీ నల్లగా నిండాలి. మీ వల్ల కాదంటే నాగపూర్‌లో గీసేవాళ్లున్నారు."

దేవదాసు సరేనన్నాడు. లీలావతికి చెప్పడానికి నోరు రాలేదు. ఈ నెల మాటలొద్దన్నారని అబద్ధమాడాడు. లావుపాటి బ్రష్షు కొని, దిలేర్ ఛాతీ పెంచి, బుధరాంని మొసళ్ల మడుగులో ముంచేశాడు.

అచ్చయిన పుస్తకాన్ని ఆమె ఆసుపత్రి బయట దుకాణంలో చూసింది. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా అడిగింది.

"చంపేశారా?"

"సేఠ్ చెప్పాడు, లీలా."

"చంపితే చంపారు. పోయేముందు ఏమంటాడో నన్నొక్క మాట అడగాలనిపించలేదా? రోజూ పోయేవాళ్ల పక్కనే ఉంటానండీ నేను. ఎవరూ అలా నోరు మూసుకుని పోరు."

ఆమె మళ్లీ కలం పట్టలేదు.

కొత్త దిలేర్ ఎవరికీ నచ్చలేదు. మాట్లాడే తోడు లేక పేజీపేజీకీ ఎవర్నో ఒకర్ని కొడుతూనే ఉండేవాడు. అయిదో సంచికతో పుస్తకం ఆగిపోయింది. దేవదాసు సిల్తారాలో ఒక ఇనుప ఫ్యాక్టరీకి హెచ్చరిక బోర్డులు రాసే పనిలో చేరాడు.

మూడేళ్ల తర్వాత ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, తెల్లకాగితం పరిచి బుధరాంని గీయబోయాడు. చెయ్యి బోర్డులకే అలవాటు పడిపోయింది. గీత సన్నబడనంటోంది. నాలుగు కాగితాలు పాడుచేసి, అయిదోది ఆమె ముందు పెట్టాడు.

"ఏదైనా రాయి, లీలా. నన్ను తిట్టినా సరే."

ఆమె కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎవరండీ ఈయన?" అంది. ఎగతాళికి కాదు, నిజంగానే పోల్చుకోలేక.

అతను సిరా సీసాకి మూత బిగించాడు. ఆమె కాగితం తిరిగి ఇచ్చేసి, అన్నం వార్చడానికి వంటింట్లోకి వెళ్లింది.