డ్యూటీ అప్పగింత

వరమ్మ అన్నం కారియర్ పట్టుకుని వెళ్లేసరికి నాగమ్మ బతికే ఉంది. మూడు రోజుల పసిగుడ్డును ఒళ్లో వేసుకుని మంచం మీద కూర్చుని, "ఏం కూర తెచ్చావక్కా?" అని కూడా అడిగింది.

"గోంగూర. నీకు పెట్టకూడదులే, బాలింతవి" అంది వరమ్మ.

అది పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది, ఏప్రిల్ నెల, మంగళవారం. పన్నెండు దాటింది. తెనాలిలో డాక్టరు బసవేశ్వరరావు నర్సింగు హోము. వరమ్మది సంగం జాగర్లమూడి. పొద్దున్నే తెనాలి మార్కెట్లో ఆకుకూరల గంప దింపి, మధ్యాహ్నం కూతురు రిబ్కాకు అన్నం ఇచ్చి వెళ్లేది. రిబ్కా ఆ ఆసుపత్రిలో నర్సు. అన్నం తనే తెచ్చుకోగలదు. కానీ రోజుకొకసారి కూతుర్ని కళ్లారా చూసుకోకపోతే వరమ్మకు ముద్ద దిగదు. బస్సు గుద్దిందేమో, ఎవరి జబ్బు అంటుకుందో, ఎవడు ఏమన్నాడో! ఆమెకు తోచని ఆపద లోకంలో లేదు.

"రిబ్కా పురుళ్ల గదిలో ఉందత్తా, కూర్చో" అంటూ ఏసమ్మ వార్డులోకి వచ్చింది. ఏసమ్మ ఆయా. అడవులదీవి మనిషి, ముప్పై అయిదేళ్లుంటాయి. ఆమె చేతిలో చీపురుండాలి. సూది ఉంది. డాక్టరు భార్య శివపార్వతి గుమ్మంలో నిలబడి, "కానీవే, ఇంకా నాలుగు మంచాలున్నాయి" అంటోంది.

ఈ శివపార్వతి ఇంటరు తప్పింది. ఆసుపత్రి మాత్రం ఆవిడే నడుపుతుంది. ప్రతి సూదికీ నర్సెందుకు దండగని, ఆయాకి బత్తాయి పండు మీద పొడవడం నేర్పించింది. బత్తాయి ఏడవలేదు, చావలేదు. దాంతో ఆవిడగారికి వైద్యం వచ్చేసింది. ఆ తర్వాత ఆయాని మనుషుల మీదికి తోలింది. కేసు కాగితం మీద సంతకం పెట్టడానికి మాత్రం చదువుకున్న నర్సు కావాలి.

వరమ్మ చదివింది అయిదో తరగతి. అయినా నర్సును కన్న తల్లి. పెన్సిలిన్ ఇచ్చేముందు చర్మం కింద ఒక్క చుక్క వేసి, అరగంట ఆగి, దద్దురు లేస్తుందేమో చూడాలని రిబ్కా పరీక్షలకు పైకి చదువుతుంటే విని విని ఆమెకూ నోటికి వచ్చేసింది.

"ఏసమ్మా, చుక్క వేసి చూశారా?"

"నీకెందుకు? ఆ గిన్నెలు తీసుకుని బయట కూర్చో" అంది శివపార్వతి.

సూది దిగింది. నాగమ్మ ముందు అరిచెయ్యి గోక్కుంది. తర్వాత మెడ గోక్కుంది. "అక్కా, ఊపిరాడటం లేదు. పిల్లని పట్టుకో" అంది. వరమ్మ పిల్లని అందుకుంది. నాగమ్మ పెదాలు ఉబ్బి నల్లబడ్డాయి. రిబ్కా నెత్తుటి చేతులతో పురుళ్ల గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. ప్రాణం నిలిపే మందు అలమరలో ఉంది. అలమరకు తాళం. తాళంచెవి అమ్మగారి నడుముకి. ఆ నడుము అప్పటికే మేడ మీదికి పోయింది.

డాక్టరుగారు భోజనం ముగించి, చెయ్యి కడుక్కుని దిగేసరికి అంతా అయిపోయింది. ఆయన నాడి చూసి, గుండె జబ్బన్నాడు. కొల్లిపర లంకల్లో పదేళ్లు కూలికి వంగిన మనిషికి ఆ గుండె ఒక్కనాడూ నొప్పి పెట్టలేదు. ఈయన ఆసుపత్రి మంచం ఎక్కాకే పెట్టిందట!

గంట తర్వాత ఆయన గదిలోకి రిబ్కాను పిలిచారు. పసిగుడ్డును పక్క మంచం ఆవిడకిచ్చి, వెనకాలే వరమ్మ వెళ్లి తలుపు దగ్గర నిలబడింది. గోడ మీద డాక్టరుగారి పట్టా అద్దంలో, పూలదండ వేసుకుని వేలాడుతోంది. దాని కింద ఇనప బీరువా. ఆరుగురు నర్సుల సర్టిఫికెట్లు అందులో ఉన్నాయి.

శివపార్వతి కేసు కాగితం బల్ల మీద పడేసింది. "పన్నెండుంపావుకి పెన్సిలిన్, టెస్టు డోసు వేశాక. సంతకం పెట్టు."

"నేను ఇవ్వలేదండి. టెస్టు డోసు ఎవరూ వెయ్యలేదండి. అప్పుడు నేను పురుడు పోస్తున్నాను."

"ఇచ్చిందెవరని అడిగానా? సంతకం పెట్టమన్నాను. మీకు తెల్లచీర కట్టి మనుషుల్ని చేస్తే మాకే ఎదురు చెప్తారే!"

డాక్టరు నవ్వాడు. పళ్లు కుట్టుకునే పుల్ల ఇంకా చేతిలోనే ఉంది. "ఏమ్మా, నీ సర్టిఫికెట్టు ఎక్కడుందో గుర్తుందిగా? శనివారం దాకా ఆలోచించుకో. మానేస్తానంటావా, నెల రోజుల నోటీసు ఇవ్వాలి. ఇవ్వకుండా గడప దాటావా, రోగుల్ని వదిలేసి పారిపోయిందని హైదరాబాదు నర్సుల కౌన్సిలుకి రాస్తా. నీ రిజిస్ట్రేషన్ పోద్ది. పోయి మీ అమ్మ పక్కన నాట్లు వేసుకో."

వరమ్మ బీరువా వైపు చూసింది. ఆ సర్టిఫికెట్టును ఆ బీరువాలోకి చేర్చింది ఆమే.

ఉద్యోగంలో చేరేటప్పుడు నకలు ఇస్తే చాలని రిబ్కా మొత్తుకుంది. కానీ అంతకు ముందు ఎండాకాలం వాళ్ల పల్లెలో తొమ్మిది తాటాకు ఇళ్లు కాలిపోయాయి. పొయ్యి దగ్గర నిప్పురవ్వ ఎగిరితే చాలు, మూడేళ్ల చదువు బూడిదవుతుందని వరమ్మకు దిగులు. బైబిలు మధ్యలో పెట్టుకుని తనే తెచ్చి, "మీ ఇనప బీరువాలో అయితే నిప్పంటుకోదమ్మగారూ" అని రెండు చేతులా ఇచ్చింది. శివపార్వతి ఎంత ముద్దుగా తీసుకుందో! మిగతా నర్సుల తల్లులూ అదే చేశారు. దొంగకు దాచిపెట్టమని ఇచ్చి, దణ్ణం కూడా పెట్టి వచ్చారు.

ఇంటికి వచ్చాక వరమ్మ కూతురి కాళ్లావేళ్లా పడింది. "పెట్టెయ్యవే ఆ సంతకం. పీడా పోద్ది."

"పెడితే నాగమ్మని నేను చంపినట్టే అమ్మా. రేపు కేసైతే జైలుకి నేను పోతా. పెట్టకపోతే నర్సునే కాను."

ఆ రెండు రోజులూ వరమ్మకు అన్నం సయించలేదు. సంతకం పెడితే ఏమవుద్దో తలుచుకుంది: జైలు. పెట్టకపోతే ఏమవుద్దో తలుచుకుంది: నాట్లు. నాట్లు వేసి తను చచ్చిపోలేదు. అక్కడికి వచ్చి ఆమె భయం ఒక పక్కకి ఒరిగింది.

గురువారం సాయంత్రం స్త్రీల ప్రార్థన కూటం అయిపోయాక, లూథరన్ చర్చి అరుగు మీద, డ్యూటీలో ఉన్న పిల్ల తప్ప మిగతా అయిదుగురు నర్సులూ కూర్చున్నారు. పల్లె ఆడవాళ్లు చుట్టూ నిలబడ్డారు.

"రేపు పొద్దున్నే టోపీలు ఆవిడ మొహాన కొట్టి పోదాం" అంది సారా. రేపల్లె పిల్ల, నోట్లో మాట ఆగదు.

"పోతే పదకొండు మంచాలు ఎవరు చూస్తారు?" అంది హైమావతి. ఆమెది బాపట్ల. నలభై ఏళ్లు దాటాయి, అందరికీ అక్క. "డ్రిప్పు ఎక్కుతున్న మనిషిని వదిలేసి పోతే ఆయన రాసేది నిజమవుద్ది."

"అయితే నెల నోటీసిచ్చి, ఆ నెలంతా చచ్చినవాళ్లకి సంతకాలు పెడదామా హైమక్కా?"

"నోటీసు ఆయన పెట్టుకున్న రూలు. రోగిని అప్పగించడం మన రూలు. ఆయనది తెంపుదాం. మనది తెంపం. రెండింటికి డ్యూటీ మారేటప్పుడు మంచం మంచం దగ్గరా అప్పగించి, ఆ నిమిషానే పోదాం."

"ఎవరికప్పగిస్తాం? అందరం పోతుంటే?"

"ఆయనకే. డాక్టరంటగా!"

ఆడవాళ్లు గొల్లుమన్నారు. అప్పుడు వరమ్మ లేచింది. "నాకు భయంగా ఉందమ్మా" అంది.

"నీకెప్పుడు లేదులే" అని ఎవరో అన్నారు.

"అది కాదు. డ్యూటీ నేను తీసుకోలేదని ఆయనంటే?"

"డ్యూటీ పుస్తకంలో సంతకం తీసుకుంటాం పిన్నీ" అంది హైమావతి.

"పెట్టకపోతే?"

"రోగుల తాలూకు వాళ్లందరూ వినేటట్టు గట్టిగా చదువుతాం" అంది రిబ్కా.

"పుస్తకం చింపేస్తే?"

"కార్బను పెట్టి రెండు కాగితాలు రాద్దాం" అంది సారా నెమ్మదిగా.

"ఆ కాగితమూ లాక్కుంటే?"

"నా జాకెట్లో పెట్టుకుంటానత్తా. రమ్మను, లాక్కోమను!"

"ఆయన ఉత్తరం ముందు హైదరాబాదు చేరితే?"

"రేపు పోస్టాఫీసు తియ్యగానే మనదే రిజిస్టరు పోస్టు. ఇవ్వని ఇంజెక్షనుకి సంతకం పెట్టమన్నందుకు మానేస్తున్నామని ఆరుగురం రాస్తాం" అంది హైమావతి.

"మీరు వచ్చేశాక ఎవరన్నా చస్తే?"

హైమావతి మంచాలు ఒక్కొక్కటే లెక్కేసింది. శుక్రవారం ఆపరేషన్లు ఉండవు. ఏడో మంచం ముసలాయన ఒక్కడే గట్టి జబ్బు మనిషి. పొద్దున్నే ఆయన కొడుకులకు చెప్పి గుంటూరు పెద్దాసుపత్రికి పంపించాలని తేల్చారు.

అంతవరకూ ఆవేశం ఒక్కటే ఉంది. వరమ్మ భయాలు ఒక్కొక్కటే అడుగుతుంటే అది పద్ధతిగా మారింది. ఆమె చివరి మాట అడగలేక అడిగింది. "మరి సర్టిఫికెట్లు? నేనే కదమ్మా తీసుకెళ్లి వాళ్ల చేతుల్లో పెట్టింది..."

"ఏడవకు పిన్నీ" అంది హైమావతి. "నేను చదివిన మిషన్ ఆసుపత్రి మేట్రన్ దగ్గరికి నిన్న పోయి అడిగొచ్చా. బీరువాలో ఉన్నది కాగితం. మన పేరూ నంబరూ హైదరాబాదు రిజిస్టరులో ఉన్నాయి. అర్జీ పెడితే ఇంకో కాగితం ఇస్తారు. ఇన్నేళ్లూ మనం ఒట్టి ఇనుముకి భయపడ్డాం."

శుక్రవారం రెండు గంటలకు ఆరుగురూ తెల్లచీరల్లో వార్డులోకి వచ్చారు. వీధిలో పల్లె ఆడవాళ్లు, కొల్లిపర నుంచి నాగమ్మ భర్త సంజీవరావు, అతని వెంట వచ్చిన కూలి జనం. హైమావతి డాక్టరు చేతిలో ఆరు రాజీనామాలు పెట్టి, "డ్యూటీ తీసుకోండి సార్" అంది.

"ఏంటీ నాటకం? నోటీసేది?"

"ఒకటో మంచం, రిక్షా సుబ్బయ్య గారి భార్య" అని రిబ్కా గొంతెత్తింది. "జ్వరం నూటొకటి. మూడింటికి మాత్ర వెయ్యాలి. రెండో మంచం. డ్రిప్పు మూడుంపావుకి అయిపోద్ది, తీసెయ్యాలి."

మంచం మంచానికీ రిబ్కా చదివింది, సారా రాసింది. డాక్టరు వెనకాలే నడవాల్సి వచ్చింది. పాపం, తన ఆసుపత్రి మొత్తం ఆయన ఆరోజే చూశాడు! నాలుగో మంచం దగ్గర, "ఈవిడ ఎప్పుడు చేరింది?" అని అడిగాడు.

"మీరే కోశారు సార్, సోమవారం" అంది ఆ మంచం మీది మనిషి.

ఏడో మంచం ఖాళీగా ఉంది. చివరి మంచం దగ్గర పుస్తకం ఆయన ముందు పెట్టారు. ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "నేను సంతకం పెట్టను."

అప్పుడు ఒకటో మంచం రిక్షా సుబ్బయ్య ముందుకొచ్చాడు. "అదేంటి సారూ? మా ఆడదాన్ని ఎవరు చూస్తారో మాకు తెలియొద్దా? పెట్టండి."

"పెట్టండి సార్" అన్నారు రెండో మంచం వాళ్లు. "పెట్టండి" అని వార్డంతా లేచింది. చెయ్యని పనికి ఆడపిల్లతో సంతకం పెట్టించబోయిన పెద్దమనిషికి, చెయ్యాల్సిన పనికి సంతకం పెట్టడానికి చెమటలు పట్టాయి. పెట్టాడు. కార్బను నకలు సారా జాకెట్లోకి పోయింది.

"సర్టిఫికెట్లు మాత్రం చచ్చినా ఇవ్వను!" అని శివపార్వతి మెట్ల మీద నుంచి కేకేసింది.

వరమ్మ గుంపులోంచి ముందుకు వచ్చింది. "ఉంచుకోండి అమ్మగారూ. మా కొంపలు కాలిపోతాయని మీ దగ్గర దాచుకున్నా. మా కొంపలు కాలినా మనుషులం మిగిలాం. మీ కొంపలో బీరువా ఒక్కటే మిగిలేట్టుంది."

పోలీసు జీపు వచ్చింది. డాక్టరు ఫోను చేస్తే వాళ్లకు పెట్రోలు దానంతటదే దొరుకుతుంది. రోగుల్ని వదిలేసి పోతున్నారని ఫిర్యాదు. హైమావతి పుస్తకం తెరిచి డాక్టరు సంతకం చూపించింది. ఎస్సై దాన్ని రెండుసార్లు చదివి మొహం మాడ్చుకున్నాడు. ఎవర్నో ఒకర్ని తీసుకుపోకపోతే ఎండలో వచ్చినందుకు ఫలమేముంది?

"నా పెళ్లాన్ని ఎవరు చంపారో అది అడగవయ్యా!" అని అరిచాడు సంజీవరావు.

వార్డు మూలనుంచి ఏసమ్మ నడిచి వచ్చింది. చేతిలో చీపురుంది. దాన్ని గోడకి ఆనించి పెట్టింది. "సూది నేను పొడిచా. నాకు చదువు రాదు. బత్తాయి మీద నేర్పి, నా చేతికిచ్చి పొడవమన్నది ఆవిడ. చుక్క వెయ్యమని వరమ్మత్త చెప్తే వినిపించుకోనిది ఆవిడ. నా మీద రాసుకో. ఆవిడ మీదా రాసుకో."

ఎస్సై సగం రాసుకున్నాడు. ఏసమ్మను జీపెక్కించాడు. శివపార్వతి చేతికి బంగారు గాజులు నిండుగా ఉన్నాయి, బేడీకి చోటు లేదు కాబోలు!

జీపు వెనకాలే జనం నడిచారు. ఆరుగురు నర్సులు ముందు, కొల్లిపర కూలీలు వెనక. స్టేషన్ ఎదుట రోడ్డు మీదే కూర్చున్నారు. శివపార్వతి పేరు కూడా రాసేదాకా లేచేది లేదన్నారు. పుట్టి బుద్ధెరిగాక వరమ్మ పోలీసు స్టేషన్ ఉన్న వీధిలోంచి నడవలేదు. ఎప్పుడు పోవాల్సొచ్చినా చుట్టూ తిరిగి పోయేది. ఇప్పుడు కారియర్ పట్టుకుని మెట్లెక్కింది.

"ఏంటది?" అన్నాడు గుమ్మంలో కానిస్టేబులు.

"అన్నం. ఏసమ్మకి."

"నీకేమవుద్ది ఆమె? భయం లేదా నీకు?"

"భయమే నాయనా. అందుకే ఇంతమందిమి వచ్చాం."

పొద్దు వాలేటప్పుడు రేపల్లె బస్సు దిగి ఇద్దరు, బాపట్ల నుంచి ముగ్గురు నర్సులు కబురు అంది వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ల సర్టిఫికెట్లూ ఏవేవో బీరువాల్లోనే ఉన్నాయట. ఎట్లా అప్పగించి రావాలో చెప్పమన్నారు. హైమావతి వాళ్లకు వరమ్మను చూపించింది.

వరమ్మ కొంగు దులిపి, పక్కకి జరిగి వాళ్లకు చోటిచ్చింది.

"కూర్చోండమ్మా. ముందు మీ భయాలన్నీ చెప్పండి. ఒక్కటి కూడా దాచొద్దు."