పసుపు తెల్లబడిన రోజు

సారికకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: తన రెండేళ్ల బిడ్డ లిడియాను రేపు ఎవరైనా దొంగదాని బిడ్డ అంటారేమోనని.

గోదావరిఖనిలో ఓ ప్రైవేటు కాలేజీ ల్యాబులో ఆమె అటెండరు. ఇంటర్ మధ్యలో పెళ్లయి చదువు ఆగింది. ఆగిన చోటి నుంచి మళ్లీ అందించింది అక్కడి కెమిస్ట్రీ లెక్చరర్ లింగమూర్తి సారే. పీహెచ్‌డీ కోసం ఆయన ప్లాటినానికి రెండు క్లోరిన్లు, ఫాస్ఫీన్లనే రెండు భాస్వరపు అణువులు తగిలిస్తుండేవాడు. ఫాస్ఫీన్లు ఎదురెదురుగా కూర్చుంటే పొడి పసుపు రంగు, పక్కపక్కన కూర్చుంటే తెలుపు. సరుకు ఒక్కటే, కూర్చున్న తీరే వేరు. పసుపుది కరిగి ఉన్నప్పుడు ఫాస్ఫీన్ రవ్వంత ఎక్కువైతే మెల్లగా తెల్లదిగా మారిపోతుందని చెప్పిందీ ఆయనే. బిడ్డకు అన్నం తినిపిస్తూ కూడా ఆమె ఆ మాటలే వల్లించుకునేది.

ఆ ల్యాబులో ఒక కట్టడి ఉంది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగు వేళ ఎవరూ త్రాసు ముట్టరు. బల్ల అదురుతుంది, అంకెలు నిలవవు. సోమవారం సార్‌కు బస్సు తొందర. సారిక అదిరే సీసాలను రెండు చేతులా పట్టుకొని నిలబడి ఉండగానే ఆయన ఫాస్ఫీన్ త్రాసులో జోకి, పసుపుది కరిగి ఉన్న ఫ్లాస్కులో వేసి వెళ్లిపోయాడు.

మర్నాడు ఉదయానికి పసుపు లేదు. అడుగున తెల్లటి పొడి.

ఖరీదైన ప్లాటినం ఎవరో కాజేసి ఇంకేదో పోశారన్నాడు ప్రిన్సిపాల్. తాళంచెవి ఉండేది సారిక దగ్గరే. ఆమె ధీమాగా సార్ వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బొగ్గు లారీలను చూస్తున్నాడు.

“సార్, బాంబు పేలేటప్పుడు మీరే జోకిన్రు గదా. ఎక్కువ పడ్డది. గట్లయితే తెల్లగైతదని మీరే చెప్పిన్రు. పసుపుది ఇంకింత సీసాల ఉంది, కరిగించి మీ ముందట్నే చేసి చూపిస్త.”

ప్రిన్సిపాల్ నవ్వాడు. “ఇంటర్ ఎల్లని పిల్ల నీకు పాఠం చెప్తున్నదయ్యా, లింగమూర్తీ.”

సార్ అప్పుడు నోరు విప్పాడు. “గిదంతా నీకు నేనెప్పుడు చెప్పిన సారికా? గ్లాసులు కడిగేదానివి, నీకెందుకు గివన్ని?”

ఆయన తనను దొంగ అని ఉన్నా ఆమె అంతగా బాధపడేది కాదు.

పోలీసుల దాకా వద్దులెండి, చంటిపిల్ల తల్లి అని సారే దయ చూపించాడు. ఆ దయతోనే దొంగ పేరు ఖాయమైంది, ఉద్యోగమూ పోయింది. ఆ సాయంత్రం బిడ్డను ఎత్తుకొని షేర్ ఆటో ఎక్కితే, లోపల ముచ్చట పెడుతున్న ఇద్దరు ఆడవాళ్లు పక్కకు జరిగారు. సంచులు ఒడిలోకి లాక్కున్నారు.

ఇప్పుడా తాళంచెవి రాజకుమారి దగ్గర ఉంది. కొత్త అటెండరు, పంతొమ్మిదేళ్ల పిల్ల. ఆమెకూ సార్ ఓపిగ్గా పసుపూ తెలుపూ నేర్పుతున్నాడట. మీరెప్పుడైనా అటు వెళితే, బ్లాస్టింగు వేళకు ఆ ల్యాబులోకి ఒకసారి తొంగి చూడండి. ఆ పిల్ల ఎలా ఉందో కనుక్కోండి.