తెర మీద తొంభై ఆరు

మా ఓడలో గాలి ఎంత మిగిలిందో తేల్చేది నేనే. ల్యాప్‌టాప్‌లో ఒక అంకె కొట్టి ఎంటర్ నొక్కితే ఏడు టెర్మినళ్లలోనూ అదే అంకె వెలిగేది. ఆ పని గురించి ఇప్పుడెవరైనా గొప్పగా మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది. అప్పట్లో మాత్రం తెగ పొంగిపోయేదాన్ని.

ఓడంటే జోసెఫ్ అనే దర్శకుడు తీస్తున్న చిన్న సినిమాలోని అంతరిక్ష నౌక. కథలో అది భూమిని వదిలి నాలుగు తరాలైంది. అందులో పుట్టినవాళ్లు అందులోనే పోతారు. గమ్యం చేరేది ఎప్పుడో వాళ్ల మునిమనవళ్లు. ఎక్కడా ఒక్క కిటికీ ఉండదు. నీళ్లెన్ని, పంటెంత, గాలెంత అన్నది గోడల్లోని కంప్యూటర్ టెర్మినళ్లే చెప్పాలి. తెర ఏం చెబితే వాళ్లకు అదే లోకం.

సెట్టు మాత్రం ఆళ్లగడ్డ బయట మూతబడ్డ నాపరాళ్ల గోడౌన్‌లో వేశారు. నంద్యాలలో కూలర్లు చేసేవాళ్ల దగ్గర రేకు డబ్బాలు కొట్టించి, మూసేసిన ఓ కంప్యూటర్ సెంటర్ నుంచి పాత మానిటర్లు తెచ్చి వాటిలో బిగించాను. డిప్లొమా చదివినదాన్ని, ఆ మాత్రం చెయ్యలేనా?

మా నాయన సుభాన్ బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ మిషన్ మీద చాలా ఏళ్లు పనిచేశాడు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో చేరి గట్టిపడింది. ఏడాదిగా ఆళ్లగడ్డలోని మా ఇంట్లో ఆక్సిజన్ మిషన్, ముక్కులో పైపు. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే క్లిప్పు వేలికి పెట్టుకుని అంకె చూసుకోవడం అలవాటైపోయింది. చదువు రాదు గానీ అంకెలు వచ్చు. తొంభై దాటితే మంచిదని, తగ్గితే కష్టమని, నిండుగా ఉంటే వందని ఆయనకు బాగా తెలుసు.

చివరి సన్నివేశం తీసే రోజు పొద్దుటి నుంచే గాలీవానా. ఊరంతా కరెంటు పోయింది. మేం జనరేటర్ మీద షూటింగ్ నడుపుతున్నాం. మధ్యాహ్నం ఒక ఆటో గోడౌన్ లోపలిదాకా వచ్చేసింది. అందులో మా అమ్మ గుల్జార్‌బీ, ఆమె ఒళ్లో ఆక్సిజన్ మిషన్, పక్కన వాలిపోయి మా నాయన. ఆయన పెదాలు నల్లబడి ఉన్నాయి.

‘‘మిషన్ ఆగిపాయ జబీనా! ఇంట్లో సిలిండర్ గూడా ఖాళీ. ఆసుపత్రికి పోదామంటే వాగు దావ మీద పారుతాండాది. అంబులెన్సు అవతలే నిలబడిపాయ. యాడికి పోవాల్నో తెలీక ఈడికి తెచ్చినా’’ అంది అమ్మ. నంద్యాల నుంచి అమానుల్లా మామ సిలిండర్ తీసుకుని బయల్దేరాడట, కానీ దారి పొడవునా చెట్లు పడ్డాయట.

సెట్టు లోపల టెర్మినళ్ల పక్కనే ప్లగ్గులున్నాయి. అక్కడే ఓడ బెంచీ మీద నాయన్ను పడుకోబెట్టి, మిషన్ తగిలించి, పైపు ముక్కుకు పెట్టాను. క్లిప్పు ఎనభై చూపించింది.

జనరేటర్ చూసే సంజీవయ్య వచ్చి, ‘‘డీజిల్ అడుగంటిందప్పా. ఈ లైట్లన్నీ ఏస్కుంటే గంట గూడా రాదు. మిషన్ ఒక్కటే అయితే మూడు గంటలు లాగుతాదేమో’’ అన్నాడు.

‘‘ఒక్క షాట్ తీసుకుందాం. పది నిమిషాలు. తర్వాత నేనే ఆర్పించేస్తా’’ అన్నాడు జోసెఫ్. మా నాయన వైపు చూడకుండా అన్నాడు. హీరోయిన్ సాయంత్రానికి వెళ్లిపోతుంది, మళ్లీ దొరకదు. నాకు వాదించే ఓపిక లేదు. మిషన్ ఆడుతోంది కదా, పది నిమిషాలే కదా అనుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

సన్నివేశంలో ఓడలో గాలి అయిపోతూ ఉండాలి. నలభై కొట్టాను. ముప్పైతొమ్మిది. ముప్పైఎనిమిది. హీరోయిన్ తెర మీద అరచేతులు పెట్టి ఏడుస్తోంది. అప్పుడు అమ్మ కేక వినిపించింది.

నాయన కళ్లు పెద్దవి చేసుకుని టెర్మినల్‌కేసి చూస్తున్నాడు. ఆయన మిషన్ వైరు, నా తెర వైరు ఒకే ప్లగ్గు డబ్బాలోకి పోతున్నాయి. తెర మీది అంకె తనదే అనుకున్నాడు. ‘‘అయిపోతాండాది... అయిపోతాండాది’’ అంటూ బెంచీ అంచు పట్టుకుని లేవబోయాడు. ఎగశ్వాస వచ్చేసింది. అది సినిమా నాయనా, నీది కాదు నాయనా అని ఎంత మొత్తుకున్నా జనరేటర్ హోరులో, ఆ భయంలో, ఆయన చెవికి ఎక్కలేదు. క్లిప్పులో ఎనభై పోయి డెబ్బై మూడు వచ్చింది.

నేనింకేం ఆలోచించలేదు. తొంభై ఆరు కొట్టి ఎంటర్ నొక్కాను.

‘‘కట్! ఏంది జబీనా? గాలి తగ్గాలమ్మా, పెంచుతావేంది!’’ అని అరిచాడు జోసెఫ్. తర్వాత బెంచీ వైపు చూశాడు. నాయన తెరను చూస్తూ మెల్లగా వెనక్కి వాలాడు. బిగుసుకున్న భుజాలు వదులయ్యాయి. ఊపిరి కుదుటపడి క్లిప్పు నిజంగానే ఎనభై నాలుగుకు ఎక్కింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నేను చేసిన టెర్మినల్ మా నాయన్ను కాపాడిందని మురిసిపోయాను.

జోసెఫ్ తనే లైట్లు ఆర్పమన్నాడు. ఒక్కొక్కటే ఆరుతుంటే నాయన కళ్లు తెరిచాడు.

‘‘పనెందుకు నిలిపేస్తాండారు?’’

‘‘డీజిల్ లేదు పెద్దాయనా. నీ మిషన్‌కు కావాల గదా’’ అన్నాడు సంజీవయ్య.

పాలిష్ యూనిట్‌లో కరెంటు పోతే ఆ పూట కూలి పోయినట్టే. మిషన్లు ఆగడమంటే మా నాయనకు పిల్లల కంచాలు ఖాళీ కావడమే. ఆయన ముక్కులోంచి పైపు పీకేసి గుప్పిట్లో పెట్టుకున్నాడు.

‘‘నాకు తొంభై ఆరుండాది. ఇంగ మిషనెందుకు? ఇంతమంది కూలి చెడగొట్టి నేను గాలి పీలుస్తానా? లైట్లెయ్యప్పా, బిరీన కానీండి.’’

‘‘నాయనా, ఆ అంకె అబద్ధం. నేనే కొట్టినా’’ అన్నాను.

ఆయన నవ్వాడు. ‘‘మిషన్ నాకే ఉండాలని అట్ల జెప్తాండావులే.’’

‘‘ఇదో, నీ వేలి మీదుండేది చూడు!’’

‘‘దాంట్లో బ్యాటరీ అయిపోయింటాది. అంత పెద్ద తెర అబద్ధం జెప్తాదా?’’

అమ్మ ఆయన కాళ్లు పట్టుకుంది. నేను గుప్పిట విడదీయబోయాను. ఏళ్ల తరబడి రాళ్లెత్తిన చేతులవి, లొంగలేదు. పెనుగులాడే కొద్దీ ఆయనకు ఊపిరి చాలడం లేదు. బలవంతం చేస్తే నా చేతుల్లోనే పోయేట్టున్నాడు. క్లిప్పులో అంకె డెబ్బై కిందికి పోయింది. పెదాలు మళ్లీ నల్లబడ్డాయి. ఆయన మాత్రం తెరనే చూస్తూ ధీమాగా ఉన్నాడు. అల్లా, ఇదేం కర్మ అని ఏడ్చేశాను.

పరుగున పోయి ల్యాప్‌టాప్ తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను. ‘‘నా వేలు చూడు నాయనా’’ అని పన్నెండు కొట్టాను. గోడ మీద పన్నెండు వెలిగింది. మళ్లీ తొంభై ఆరు కొట్టాను. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి గానీ గుప్పిట వదల్లేదు. అప్పుడు మూడు వందలు కొట్టాను.

ఏడు తెరల మీదా మూడు వందలు వెలిగింది. మనిషికి అంత ఉండదని ఆయనకు తెలుసు. తెరకేసి చూశాడు, నా వేళ్లకేసి చూశాడు, ఆ తర్వాత నా మొహంకేసి చూశాడు. ఆయన ధైర్యమంతా ఒక్కసారిగా కూలిపోవడం కళ్లారా చూశాను. నా చేతులతో నేనే కూల్చాను. గుప్పిట దానంతటదే విడిపోయింది. అమ్మ పైపు తీసి ముక్కుకు పెట్టింది. నేను టెర్మినళ్లన్నీ ఆపేశాను.

ఆ తర్వాత చీకట్లో కూర్చుని జనరేటర్ మోత వింటూ ఉన్నాం. అది కాస్త గొంతు మార్చినప్పుడల్లా అందరం తలుపు వైపు చూసేవాళ్లం. జోసెఫ్ తన కారు ట్యాంకులో పైపు వేసి లాగిన డీజిల్ తెచ్చి పోశాడు. అదీ అయిపోవచ్చే వేళకు అమానుల్లా మామ నిలువునా తడిసి, సిలిండర్‌ను భుజాన మోసుకుని వచ్చాడు.

నాయన బతికాడు. సినిమా ఎలా పూర్తయిందో నేను కనుక్కోలేదు.

డాక్టర్ ఇక ఎక్కువ రోజులు లేవన్నాడు. అయినా మధ్యమధ్య మంచి పూటలు వస్తుంటాయి. మొన్న పొద్దున క్లిప్పు పెడితే తొంభై నాలుగు. నెలల తర్వాత అంత అంకె. ‘‘నాయనా, తొంభై నాలుగు!’’ అని అరిచాను. అమ్మ పొయ్యి వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

ఆయన క్లిప్పు వైపు చూడనే లేదు. నన్నే చూశాడు.

‘‘నిజమైందా, నువ్వు కొట్టిందా?’’

‘‘నిజమైందే నాయనా. ఒట్టు.’’

నాకు కళ్లనీళ్లు తిరగడం చూసినట్టున్నాడు. ‘‘సరేలేమ్మా’’ అని, నేను బాధపడకూడదని, నమ్మినట్టు నవ్వాడు.