జనవరిలో ఎండదెబ్బ

ఈ అరబ్బు దేశంలో, అవాలీ ఊళ్లో నేను పనిచేసే మేడం గారి కర్టెన్లు ఇస్త్రీ చేస్తుంటే ఆవిరి లేచి గదంతా తెల్లగా కరిగిపోయేది. ఆ తెలుపులో మా ఆయన భీమేశ్వరరావు నెమ్మదిగా నడిచొస్తూ కనిపించేవాడు, ఏ జబ్బూ లేని మనిషిలా. వేలు చురుక్కుమనేదాకా నాకు తెలివి వచ్చేది కాదు. ఖర్మ కాకపోతే, జైల్లో ఉన్న మొగుడు ఇక్కడికీ రావాలా అనుకునేదాన్ని!

ఆయనకు చెవుల్లో ఎవరివో మాటలు వినపడటం మొదలై ఏళ్లయింది. "పిచ్చని నోరు జారకే, నీ ఆడపడుచు సంబంధం చెడిపోద్ది. వేడి చేసిందని చెప్పు" అని అత్తగారి ఫోను. "కంపెనీకి తెలిస్తే ఖలాస్, ఇంటికి పంపేత్తారు" అని ఆయన. ఆసుపత్రి పేరెత్తితే కంచం విసిరేవాడు. సరేనని ఆయన పనిచేసే సల్మాబాద్ గ్యారేజీలో ఫోర్‌మన్‌కి ఎండదెబ్బ అని చెప్పాను. అందరూ స్వెట్టర్లు వేసుకునే జనవరిలోనూ ఎండదెబ్బే! పగలు నాలుగిళ్ల అంట్లు తోమి, రాత్రి ఆయన ఎటైనా వెళ్లిపోతాడని గుమ్మానికి అడ్డంగా పడుకునేదాన్ని. దాన్ని పని అని ఎవరూ అనలేదు.

ఒక మధ్యాహ్నం నేను డ్యూటీలో ఉండగా, వీధి చివరి కొట్లోకి వెళ్లి స్క్రూడ్రైవర్ చూపించి గల్లాపెట్టె తెరవమన్నాడు. కొట్టతను కేకేసేసరికి అక్కడే చతికిలబడి ఏడ్చాడట. పోలీసులొచ్చి పట్టుకెళ్లారు. "మొగుణ్ణి కనిపెట్టుకోడం చేతకాలేదా?" అంది అత్తగారు.

జబ్బు పాతదని తేలితే శిక్ష తగ్గుతుందన్నాడు లాయరు. తేలేదెలా? గ్యారేజీ కాగితాల నిండా నా ఎండదెబ్బలే. "నోరు మూసుకో. జైలైతే తిరిగొత్తాడు, పిచ్చోడన్న పేరు పోద్దా?" అని మళ్లీ అత్తగారి ఫోను. ఈసారి వినలేదు. కోర్టులో నిలబడి, అబద్ధాలతో సహా అంతా చెప్పాను. నా తెలుగు అరబ్బీలోకి మారి, ఎవరో ఇంకో ఆడదాని కథలా ఆ చల్లటి గదిలో తేలిపోతుంటే వింటూ నిలబడ్డాను.

మాటలు తర్జుమా చేసే హైదరాబాదు అమ్మాయి నౌరీన్ నావైపు తిరిగింది. "అక్కా, జడ్జి సాబ్ నమ్మిన్రు. జైలు వద్దంటున్నరు. నువ్వే ఇంట్ల పెట్టుకొని చూసుకుంటనంటే ఇయాల్నే నీతోని పంపిస్తరట. లేకుంటె సర్కారు దవాఖానాల ఉంచుతరు."

బోనులోంచి ఆయన నావంకే చూస్తున్నాడు. నా నోట్లోంచి 'సరే' రావడానికి అందరూ ఎదురుచూస్తున్నారు.

"ఆసుపత్రిలోనే ఉంచమను తల్లీ," అన్నాను. "ప్రేమ లేక కాదని చెప్పు. నేను ఆయన పెళ్లాన్ని గానీ మందుని కాను."