లేత బూడిదరంగు అక్షరాలు

చూపు మధ్యలో మసక మొదలైన ఏడాదే వైజయంతి ఖానోల్కర్ తన ఉద్యోగ జీవితం మొత్తంలో మంచి పని చేసింది. భోసరీలో డయాలసిస్ యంత్రాలు తయారుచేసే కంపెనీలో, యంత్రంతోపాటు ఆస్పత్రులకు పంపే పుస్తకాలకు రూపం దిద్దడం ఆమె పని. అక్కడ అందరూ ఆమెను 'తాయీ', అంటే అక్కా, అని పిలిచేవారు. ఎవరు ఏ పుస్తకం మొదలుపెట్టినా దానంతటదే అమరిపోయే ఒక మూస తయారుచేసింది. పెద్ద అక్షరాలు, నల్లటి సిరా, వరసల మధ్య చాలినంత చోటు. హెచ్చరికను ఎర్రరంగుకు వదిలేయకుండా "ప్రమాదం" అని మాటల్లోనూ రాసింది. చూపులేనివాళ్ళకు కంప్యూటర్ చదివి వినిపిస్తుంటే వాళ్ళు ఒక శీర్షిక నుంచి ఇంకోదానికి తేలిగ్గా వెళ్ళిపోవచ్చు.

డిజైన్ విభాగాధిపతి శిరీష్ థత్తే దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు.

"ఇదేంటి తాయీ, ఒకటో తరగతి వాచకమా? మనం విదేశీ యంత్రాలతో పోటీ పడుతున్నాం. పుస్తకం చూస్తే ముచ్చటెయ్యాలి."

ఆయన ముచ్చటంతా తెల్లకాగితం మీద లేత బూడిదరంగులో, చీమ తలకాయలంత అక్షరాలు. పట్టికలు కూడా బొమ్మలుగా అతికించేవాడు, వాటిని కంప్యూటర్ చదవలేదు.

ఆమె కళ్ళ సంగతి తెలిశాక, "చూపు ఆననివాళ్ళకి అక్షరాల దగ్గరేం పని?" అని పైవాళ్ళకు నూరిపోసి రాజీనామా రాయించాడు. వీడ్కోలు రోజు క్యాంటీన్లో పేఢా మిఠాయిలు పంచి, సన్మానపత్రం ఆమె చేతికిచ్చాడు. అదీ ఆ బూడిదరంగులోనే.

"చదవండి తాయీ, అందరం వింటాం."

ఆమె కాగితాన్ని ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది. తల ఓరగా తిప్పి చూసింది. ఒక్క అక్షరమూ నిలవలేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పక్కసీటు ముగ్ధా లేచి కాగితం లాక్కుని చదివేసింది.

"అరే, సరదాకన్నాను బాబా!" అన్నాడు థత్తే.

ఆ పేఢా వైజయంతి నోట్లో చేదైపోయింది. బస్సెక్కేసరికి నిశ్చయించుకుంది, ఈ మనిషిని వదలకూడదని.

శివాజీనగర్‌లోని సహకార ఆస్పత్రుల సమాఖ్యలో ఆమెకు పని దొరికింది. యంత్రాల పుస్తకాలు అర్థం కావడంలేదని నర్సులు మొత్తుకుంటున్నారు. నియమాలు రాసే బాధ్యత ఆమెకే అప్పగించారు. రాస్తున్నంతసేపూ థత్తే ముఖమే కళ్ళముందు పెట్టుకుంది. లేత రంగు నిషేధం అని రాసినప్పుడు ఆయన చొక్కా పట్టుకున్నట్టే అనిపించింది. కానీ రేపెవరూ కక్షతో రాసిందనకూడదు. అందుకే ప్రతి నియమాన్నీ వార్డు దీపాల కింద నర్సుల చేత చదివించి, చూపులేనివాళ్ళకు వినిపించి, నిలబడినదాన్నే ఉంచింది. ఆ నియమాల మూసలో లేని పుస్తకం వస్తే యంత్రం కొనరాదని సమాఖ్య తీర్మానించింది.

థత్తే పుస్తకం పట్టుకుని రానే వచ్చాడు. హాలు నిండా పోటీ కంపెనీలవాళ్ళు. వైజయంతి కంప్యూటర్ గొంతు పెంచింది.

"చిత్రం. చిత్రం. పేరులేని చిత్రం. చిత్రం."

"ఏమంటోంది తాయీ అది?" థత్తే గొంతు సన్నబడింది.

"మీ పుస్తకమే సాహెబ్. అలారం మోగితే ఏం చెయ్యాలో చెబుతోంది. శ్రద్ధగా వినండి."

హాలంతా గొల్లుమంది. ఆమె ఆపలేదు. అధ్యాయం పూర్తయ్యేదాకా మోగనిచ్చింది.

ఆ తర్వాత ఆయన సరిచేసి తెచ్చినప్పుడల్లా తిప్పి పంపింది. ఒకసారి పట్టికకు తలవరస లేదంది, ఇంకోసారి ఒక్క బొమ్మకు వివరణ లేదంది. తప్పులు నిజమైనవే. వాటిని చెబుతూ ఆమె నవ్విన చిరునవ్వు మాత్రం నియమాల్లో లేదు.

పుస్తకాలు అందించాల్సిన గడువు చివరి రోజు మళ్ళీ తెచ్చాడు. వైజయంతి తలుపు మూసుకుని విన్నది. కంప్యూటర్ గొంతు ఎక్కడా తడబడలేదు. రక్తపు గొట్టంలో గాలి చేరితే ఏంచేయాలో, ఏ మీట ముందో ఏది తర్వాతో, చూడకుండానే ఆమెకు కళ్ళకు కట్టినట్టయింది. తప్పు కోసం మధ్యాహ్నమంతా వెతికింది. దొరకలేదు. తన మూసే ఆయన్ని గట్టెక్కిస్తోందని ఒళ్ళు మండిపోయింది.

పుస్తకాలు పరీక్షించే నర్సు కుందా లోపలికొచ్చింది. "తాయీ, ఇది చాలా బాగుంది. మా వార్డులో పెట్టుకుంటాను. ఇంకా సంతకం చెయ్యలేదేం?"

ఒక్క అబద్ధం చాలు, థత్తేకు ఆర్డరు చేజారిపోతుంది. కుందా ఎదురుగా నిలబడే ఉంది. వైజయంతి సంతకం చేసింది.

కాగితం అందుకుంటూ థత్తే గొంతు తగ్గించాడు. "ఆ రోజు క్యాంటీన్లో... తప్పు నాదే తాయీ. క్షమించండి."

"ఇక్కడా? తలుపు మూసుకునా?" అంది వైజయంతి. "నవ్వినవాళ్ళు అక్కడున్నారు సాహెబ్. ఆ మాటేదో అక్కడే చెప్పండి. మీ పుస్తకం మీద నా సంతకం పడిపోయింది, దానికీ దీనికీ సంబంధంలేదు. కాకపోతే ఇంకా చాలా యంత్రాలున్నాయి మీకు. వాటి పుస్తకాలూ నా దగ్గరికే రావాలి."

ఆయన ముఖం ఆమెకు మసకగానే కనిపించింది. అయినా చాలినంత కనిపించింది.

వారం తిరక్కుండా ముగ్ధా ఫోన్ చేసింది. "తాయీ! మధ్యాహ్నం భోజనాలప్పుడు థత్తే లేచి నిలబడ్డాడు. అందరి ముందూ నీ పేరెత్తి చెప్పాడు. చేతులు వణికాయి. ఒక్కరూ ముద్ద మింగలేదు తెలుసా!"

వైజయంతి స్టవ్ కట్టేసి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నెమ్మదిగా చెప్పు. మొదట్నుంచీ చెప్పు," అంది. "ముందు ఏ చెయ్యి వణికింది?"